రాత్రి తొమ్మిదింటి బువ్వ

బడి వెనక రేకుల షెడ్డుల
నూట పద్నాలుగు మందికి వండుత నేను.
మా మణిదీపు వాళ్లల్ల ఒకడు.
నూట పదమూడు పళ్లాలు నాకినట్టు ఒస్తయి.
ఒక్కటి మాత్రం
పెట్టింది పెట్టినట్టే ఒస్తది,
పప్పు మీద తొరక కట్టి,
గుడ్డు ఇంకెవరికో పోయి.

"ఆకలైతలేదే" అంటడు.
అబద్ధం కాదు.
పొద్దున ఏడింటికి నా చేత్తోనే ఏసిన గోళి
ఒంటిగంటకు వాని కడుపుకు గొళ్లెం పెడ్తది.

అది లేనప్పుడు
జానయ్య సారు సుద్దముక్క ఇసిరితే
అదేడ పడ్డదో చూస్త అని లేచి
అటే గేటు దాటి
చండూరు రోడ్డు మీద దొరికెటోడు.
అది ఏసినంక
పదమూడో ఎక్కం దాక ఒప్పజెప్పిండు.
అక్షరాలు గీతల మీద కూసున్నయి.
సారు పొయ్యి కాడికే ఒచ్చి చెప్పిపోయిండు.
ఆ పూట సాంబారుల రెండుసార్లు ఉప్పేసిన.

మా అత్త అండాలు
గోళీల డబ్బా దిక్కు చూసి మూతి తిప్పుకుంటది.
ఆమె మోకాళ్లు వంగినయి, ఇగ తిరిగి రావు.
దూప తీరుతదని తాగిన బోరు నీళ్లే
బొక్కలల్ల పోయి కూసున్నయి.
"మేమూ మంచికే తాగినం బిడ్డా."
ఆ మాటకు నేనేమనను.
కాకపోతే అత్తా,
నీకు ఎవ్వలూ చెప్పలేదు.
నాకు చెప్పిన్రు.

నల్లగొండ డాక్టరమ్మ వేళ్లు మడిచి మరీ చెప్పింది:
గోళి కన్న ముందు బువ్వ పడాలె,
పొద్దుగూకినంక ఏయొద్దు,
బరువు రాస్తుండాలె,
గుండె దడదడ అన్నదంటే ఆగకుండ ఫోన్ చెయ్యాలె.
"నీ అంతట నువ్వు ఎక్కువ తక్కువ చెయ్యకు" అని
చీటీ చేతుల పెట్టింది.

అందుకే కోడి కూయకముందు లేపుత.
నిద్ర కండ్లతోనే నములుతడు
నెయ్యి రాసిన జొన్నరొట్టె, పల్లీల తొక్కు.
శనివారం బడి ఇడిసినంక
బియ్యం బస్తాలు జోకే కాంటా మీద నిలబెడ్త.
జూలైల ఇరవై నాలుగు కిలోల మున్నూరు.
ఆగస్టుల ఇరవై మూడు, ఏడు నూర్లు.
బియ్యం లెక్కల బుక్కు ఆఖరి పేజీల రాసుకున్న.
ఆరు నూర్ల గ్రాముల పిలగాడు
ఏ తొవ్వల జారిపోయిండో అని
రాత్రంత ఎతికిన.

మందు తగ్గించి ఇచ్చింది డాక్టరమ్మ.

ఐదింటికి మందు దిగుతది, అదొక గండం.
చెప్పులు ఇసురుతడు,
చాప మీద బోర్ల పడి ఏడుస్తడు,
ఎందుకురా అంటే "తెల్వదు" అంటడు.
నిజంగనే తెల్వదు వానికి.
అప్పుడు మాటలు పనికిరావు.
బత్తాయి ఒలిచి, తొనలు పక్కన పెట్టి
దూరం జరుగుత.
కొన్నిసార్లు ఒలవకముందే నాకూ కోపమొస్తది.
ఒక దెబ్బ ఏసిన రోజూ ఉంది.
అది ఏ బుక్కుల రాయలేదు.

తొమ్మిదింటికి గొళ్లెం ఊడ్తది.
"అమ్మా, ఏముంది?"
గా మాట కోసమే పొయ్యి ఆర్పకుంట కూసుంట.
"ఈ యాళ్లకు తిండేందే" అని
వాళ్ల నాయిన అటు తిరిగి పంటడు.
తపాలచెక్క, పచ్చిపులుసు, రెండు గుడ్లు.
ఊరంత పండుకున్నంక
మా ఇంట్ల పగటి బువ్వ.

తిన్నా నిద్ర రాదు.
ఆగినప్పుడు మూడే రెక్కలున్న ఫ్యాను
తిరిగేటప్పుడు ఎన్నని లెక్కపెడ్తడు.

ఒక ఆదివారం ఆపి చూడమన్నది డాక్టరమ్మ.
ఆ దినం వాడు
మూడుసార్లు తిని, కడవ పలగ్గొట్టి,
నాయినమ్మను నవ్వించి నవ్వించి దగ్గు తెప్పిచ్చిండు.
రాత్రి పదకొండు దాటినంక అడిగిండు:
"అమ్మా, ఆదివారం నేను మంచిగుంటనా,
సోమవారం నేనా?"

నూట పద్నాలుగు మందికి కొలత తెలుసు నాకు.
దీనికి తెల్వలె.
"ఇద్దరికీ ఆకలైతది, పండుకో" అన్న.

మొన్న శనివారం మళ్లీ కాంటా.
ఇరవై మూడు తొమ్మిది... ఇరవై నాలుగు...
మళ్లీ ఇరవై మూడు.
"ఎగురకురా, అంకె నిలబడ్తలేదు."
వాడు ఇంకింత ఎగురుతడు.
పెన్సిలు పట్టుకొని
నేను నిలబడ్డ.